నవ్వించేవాళ్లు మనసు విప్పితే, వినేవాళ్లకు ఏమవుతుంది?

రైల్వే ఊళ్లలో 'సైకో' అనేది ముందుగా ఒక పరీక్ష పేరు. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి మిగతా పరీక్షలు గట్టెక్కినవాళ్లు చివర్లో కంప్యూటర్ ముందు కూర్చుని రాసే సామర్థ్య పరీక్షకు అభ్యర్థులు, కోచింగ్ సెంటర్లు పెట్టుకున్న వాడుక పేరు అది. గుర్తుంచుకోవడం, సూచనలు పాటించడం, లోతును అంచనా వేయడం, ఏకాగ్రత, చూసినదాన్ని పోల్చుకునే వేగం వంటివి కొలుస్తారు. మానసిక అనారోగ్యంతో దానికి సంబంధం లేదు. 2025 నవంబర్ 4న బిలాస్‌పుర్ సమీపంలో ఒక మెమూ రైలు ముందున్న గూడ్స్‌ను ఢీకొని పది మందికి పైగా చనిపోయారు. మెమూ నడిపిన లోకో పైలట్ 'సైకో టెస్ట్' గట్టెక్కాడా లేదా అన్న ప్రశ్న చుట్టూ ఆ తర్వాత చాలా వార్తలు తిరిగాయి. శీర్షికలు మాత్రమే చూసినవాళ్లకు ఆ మాటలోని రెండు అర్థాలూ కలిసిపోయి ఉంటే ఆశ్చర్యం లేదు.

ఇలాంటి ఊరి నుంచి చూస్తే, ఆన్‌లైన్ వినోదంలో కొన్నేళ్లుగా వస్తున్న ఒక మార్పు కొంచెం వేరుగా కనిపిస్తుంది. జోకులు, స్కిట్లు, పేరడీలతో లక్షల మందిని సంపాదించుకున్న క్రియేటర్లు కెమెరా ముందు నింపాదిగా కూర్చుని తమ డిప్రెషన్ గురించి, యాంగ్జయిటీ గురించి, నిద్రపట్టని రాత్రుల గురించి మాట్లాడుతున్నారు. 'నేను చెప్పాను, మీరూ చెప్పండి' అన్నది వాళ్ల పిలుపు. ఆ పిలుపు ముంబయి స్టూడియోలో ఒకలా వినిపిస్తుంది. గోడకు గోడ ఆనుకున్న క్వార్టర్లలో, మెడికల్ ఫిట్‌నెస్ మీద జీతం ఆధారపడే ఇళ్లలో మరోలా వినిపిస్తుంది.

బిలాస్‌పుర్‌లో తెలుగు కుటుంబాలు ఉండటం కొత్త సంగతేమీ కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే కొన్నేళ్లలోనే నాగ్‌పుర్ నుంచి బిలాస్‌పుర్ మీదుగా తూర్పుకు పట్టాలు పరిచింది. తర్వాతి కాలంలో అదే కంపెనీ పరిధిలోకి వాల్తేరు కూడా వచ్చింది. అలా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్లు పని వెతుక్కుంటూ ఖరగ్‌పుర్‌కూ బిలాస్‌పుర్‌కూ చేరి, తరాలుగా అక్కడే ఉండిపోయారు. 2003 నుంచి ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ కేంద్రం. కోర్బా బొగ్గు కదిలేది ఈ డివిజన్ పట్టాల మీదే. విశాఖపట్నం-కోర్బా, తిరుపతి-బిలాస్‌పుర్ రైళ్లు ఇప్పటికీ ఆ చుట్టరికాన్ని మోస్తున్నాయి. ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, బడిలో హిందీ, బుధ్‌వారీ బజారులో ఛత్తీస్‌గఢీ. కాబట్టి ఈ ఇళ్లలోని ఫోన్లలో హిందీ కమెడియన్ల పాడ్‌కాస్టులూ ఆడతాయి, తెలుగు రీల్సూ ఆడతాయి.

మలుపు ఎక్కడ మొదలైంది

2018 మే నెలలో కెనడాకు చెందిన యూట్యూబర్ ఎల్ మిల్స్ పందొమ్మిదేళ్లకే తాను అలసిపోయానంటూ ఒక వీడియో పెట్టింది. కోరుకున్న పేరు వచ్చింది, అయినా ఏడుపు ఆగడం లేదన్నది దాని సారాంశం. అదే ఏడాది నవంబర్‌లో, పంజాబీ తల్లిదండ్రుల మీద తీసిన కామెడీ వీడియోలతో ప్రపంచమంతా తెలిసిన లిల్లీ సింగ్ మానసిక ఆరోగ్యం కోసం యూట్యూబ్‌కు విరామం ప్రకటించింది. మన దేశంలో 2019లో తన్మయ్ భట్ తనకు క్లినికల్ డిప్రెషన్ ఉన్నట్టు డాక్టర్లు చెప్పారని ఒక వీడియోలో వెల్లడించాడు. అప్పటికి ఏఐబీ అనే హాస్య బృందం వివాదాల్లో కుప్పకూలి కొన్ని నెలలే అయింది. దేశంలోనే పేరున్న ఆ బృందాన్ని స్థాపించినవాళ్లలో అతనొకడు. 2015లో దీపికా పదుకోణ్ తన డిప్రెషన్ గురించి చెప్పినప్పుడు అది ఒక సినీతార ధైర్యంగా మిగిలింది. తన్మయ్ చెప్పినప్పుడు ఊళ్లోని కుర్రాళ్లకు అది తమ గ్యాంగులో ఒకడు చెప్పినట్టు ఉంది. క్రియేటర్ల మాటకు ఉన్న బలం అదే. రోజూ అన్నం తింటూ చూసే మొహం అది.

ఈ మలుపును అందరికంటే పదునుగా వివరించింది ఆస్ట్రేలియా కమెడియన్ హనా గ్యాడ్స్‌బీ. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'నానెట్' ప్రదర్శనలో, తాను కామెడీ మానేయాలనుకుంటున్నట్టు వేదిక మీదే చెప్పి, కారణం కూడా చెప్పారు. జోకుకు రెండే భాగాలు: ముందు బిగించడం, తర్వాత వదలడం. జరిగిన కథకు మూడో భాగం ఉంటుంది, చివరికి ఏమైందన్నది. నవ్వు కోసం కథను రెండో భాగం దగ్గర ఆపేస్తే, చెప్పేవాడు కూడా తన గాయాన్ని అక్కడే ఆపేసి దాన్నే పదేపదే వినిపిస్తూ బతుకుతాడు. మనల్ని మనమే వెక్కిరించుకునే హాస్యం, అసలే అంచుల్లో ఉన్నవాళ్ల నోట వచ్చినప్పుడు, వినయం కాదని, అవమానమని ఆ ప్రదర్శన వాదన.

మన స్కిట్లకు ఇది అతికినట్టు సరిపోతుంది. తాగొచ్చి కేకలేసే నాన్న, చెప్పుచ్చుకునే అమ్మ, ర్యాంకు రాని కొడుకు, పెళ్లి కాని కూతురు: సగం తెలుగు రీల్స్ ఈ నలుగురి మీదే నడుస్తాయి. నవ్వొస్తుంది, ఎందుకంటే అందరిళ్లలో జరిగిందే. కొట్టిన చెప్పు తర్వాత ఏమైందన్నది రీల్‌లో ఉండదు. దాన్ని చెప్పాలంటే ముప్పై సెకన్లు చాలవు.

డబ్బు సంగతి

ఇదంతా హృదయ పరివర్తనే అనుకుంటే అమాయకత్వం. యూట్యూబ్ నిబంధనల ప్రకారం పెద్ద వీడియోల ప్రకటనల ఆదాయంలో క్రియేటర్ వాటా 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం. స్కిట్‌కు రచన, నటులు, లొకేషన్, ఎడిటింగ్ కావాలి. పాడ్‌కాస్ట్‌కు రెండు కుర్చీలు, రెండు మైకులు చాలు. రెండు గంటల సంభాషణలోంచి ఇరవై క్లిప్పులు తీయొచ్చు, వాటిలో అతిథి కళ్లు చెమ్మగిల్లిన క్లిప్పే ఎక్కువ తిరుగుతుంది. పైగా జోకు ఇప్పుడు ప్రమాదకరమైన సరుకు. 2021 జనవరి 1న ఇందౌర్‌లో మునవ్వర్ ఫారూఖీ అరెస్టు, 2024 జులైలో తెలుగు యూట్యూబర్ ప్రణీత్ హనుమంతు అరెస్టు, 2025 ఫిబ్రవరిలో 'ఇండియాస్ గాట్ లేటెంట్' మీద కేసులు. ఇవన్నీ ఒకే గాటన కట్టదగినవి కావు. ప్రణీత్ విషయంలో జనం కోపానికి న్యాయమైన కారణమే ఉంది, తండ్రీ కూతుళ్ల వీడియో మీద చేసిన నీచమైన వ్యాఖ్యలవి. కానీ వృత్తిలో ఉన్నవాళ్లకు అందిన సంకేతం ఒకటే: ఎవరి మీదో జోకేస్తే కేసు పడొచ్చు, మన బాధ మనం చెప్పుకుంటే పడదు.

ఇంకో కారణం కూడా ఉంది. 2015 ప్రాంతాల్లో హాస్టల్ గదుల్లోంచి వీడియోలు మొదలుపెట్టినవాళ్లు ఇప్పుడు ముప్పైల్లో ఉన్నారు, వాళ్లను చూసినవాళ్లూ వాళ్లతోపాటే పెరిగారు. మధ్యలో కోవిడ్ వచ్చింది. భువన్ బామ్ 'బీబీ కీ వైన్స్' ఛానల్‌లో అమ్మ, నాన్న, స్నేహితులు అందరి వేషాలూ తనే వేసి నవ్వించాడు. 2021లో అతని తల్లిదండ్రులిద్దరూ కోవిడ్‌తో పోయారు. ఆ వార్త అతను స్వయంగా చెప్పినప్పుడు, వేషాల్లోని అమ్మానాన్నలకు నవ్విన ప్రేక్షకులకు ఏదో తెగినట్టయింది.

పేరు రాయవద్దు

తెలుగులో మనసు విప్పడం యూట్యూబ్‌తో మొదలుకాలేదు. మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు నడిపిన 'ప్రమదావనం' శీర్షికకు ఉత్తరాలు రాసిన ఆడవాళ్లు భర్త, అత్తగారు, ఒంటరితనం, భయం గురించే రాశారు. తేడా ఒక్కటే: అక్కడ పేరు మరుగున ఉండేది, జవాబు చెప్పే మనిషి పేరు పైన ఉండేది. ఇప్పుడు తిరగబడింది. బాధ చెప్పేవాళ్ల పేరు, మొహం, ఊరు అన్నీ పైనే ఉంటాయి. జవాబు మాత్రం కామెంట్లలో వేలమంది అనామకులది.

వినోదం నుంచి మనస్తత్వశాస్త్రానికి నడిచిన దారికీ మనకు పాత ఉదాహరణ ఉంది. 2025లో మరణించిన బి.వి. పట్టాభిరామ్‌ను ఒక తరం ఇంద్రజాలికుడిగా, హిప్నాటిస్టుగా చూసింది, తర్వాతి తరం వ్యక్తిత్వ వికాస రచయితగా, కౌన్సెలర్‌గా చూసింది. మేజిక్ చూడ్డానికి వచ్చిన జనానికే ఆయన మనసు గురించి చెప్పారు. అయితే ఆ దారిలో ఆయన మనస్తత్వశాస్త్రం చదువుకున్నారు కూడా. ఇవాళ్టి క్రియేటర్లలో చాలామంది ఆ మధ్య మెట్టు దాటేసి నేరుగా సలహాలకు వస్తున్నారు.

గంగవ్వ ఉదాహరణ ఇంకా ఆసక్తికరం. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో'లో నవ్వించి పేరు తెచ్చుకున్న ఆమె 2020లో బిగ్‌బాస్ తెలుగు నాలుగో సీజన్‌కు వెళ్లి, అక్కడి గదుల్లో ఉండలేక మధ్యలోనే ఇంటికి వచ్చేసింది. చిన్నప్పుడే అయిన పెళ్లి, తాగుడుకు బానిసైన భర్త గురించి కూడా దాపరికం లేకుండా చెప్పింది. వీటిలో ఎక్కడా డిప్రెషన్ అనే మాట లేదు, ట్రామా అనే మాట లేదు. నిద్ర పడతలేదు, ఊరు యాదికొస్తుంది. ఆ రెండు ముక్కలు వింటే ఎవరికి అర్థం కాదు?

ఈ మాటల దగ్గర కాసేపు ఆగాలి. తెలుగులో బెంగ, దిగులు, గాబరా, చింత, విసుగు అన్నీ వేర్వేరు. బెంగ ఎవరి కోసమో, ఏ ఊరి కోసమో పుడుతుంది. దిగులుకు కారణం తెలియకపోవచ్చు. గాబరా గుండెల్లో ఉంటుంది. బిలాస్‌పుర్‌లో స్థిరపడిన ఉత్తరాంధ్ర ముసలామె హిందీ డాక్టరు ముందు కూర్చుంటే గాబరాకు 'ఘబ్రాహట్' దొరుకుతుంది, రెండూ దగ్గరి చుట్టాలే. బెంగకు ఏ హిందీ మాటా అంత సరిగ్గా దొరకదు. చివరికి ఆమె తలనొప్పి, ఒళ్లు నొప్పులు, నిద్ర లేదు అని చెప్పి నొప్పి మాత్రలతో బయటికి వస్తుంది. క్రియేటర్లు ఇంగ్లిషు పదాలను ఇంటింటికీ చేర్చారు, అది మేలే. కానీ పరీక్షకు ముందు కలిగే మామూలు భయం కూడా 'యాంగ్జయిటీ' అయిపోయినప్పుడు, నిజంగా మంచం దిగలేని మనిషికి చెప్పుకోవడానికి వేరే మాట మిగలదు. 'మనోవ్యాధికి మందు లేదు' అని మన సామెత. మందు ఉందని ఒక కమెడియన్ తన మాత్రల డబ్బా చూపించి చెబితే, ఆ సామెత మీద అంతకంటే మంచి జోకు ఇంకోటి లేదు.

పనిచేస్తుందా

పనిచేస్తుందనడానికి ఆధారాలున్నాయి. మానసిక సమస్యలపై వివక్ష గురించి 2022లో లాన్సెట్ కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం, వివక్షను తగ్గించడంలో అన్నిటికంటే బాగా పనిచేసేది ఆ సమస్యను అనుభవించిన మనిషితో పరిచయం. పోస్టర్లు, ఉపన్యాసాలు దాని తర్వాతే. రోజూ ఫోన్లో కనిపించే మనిషి కూడా ఒక రకంగా పరిచయస్తుడే.

ఆస్ట్రియా పరిశోధకులు 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇక్కడ చాలా ఉపయోగపడుతుంది. ఆత్మహత్యల వార్తలను పత్రికలు ఎలా రాస్తే ఏమవుతుందని చూశారు. సంచలనంగా, పదేపదే రాసినచోట హాని కనిపించింది. చావు ఆలోచనలు వచ్చి కూడా వాటిని దాటి బయటపడిన మనుషుల గురించి రాసినచోట ఆత్మహత్యల రేటు తగ్గుదలతో సంబంధం కనిపించింది. దీనికి 'పపగేనో ప్రభావం' అని పేరు పెట్టారు. మొజార్ట్ సంగీత నాటకం 'ది మ్యాజిక్ ఫ్లూట్'లో పిట్టలు పట్టుకునే హాస్యపాత్ర పపగేనో. ప్రాణం తీసుకోబోతుండగా ముగ్గురు పిల్లలు వచ్చి వేరే దారి గుర్తు చేస్తారు. ఆ ప్రభావానికి విషాద నాయకుడి పేరు కాకుండా విదూషకుడి పేరు దక్కడం ఈ వ్యాసానికి బాగా కలిసొచ్చే యాదృచ్ఛికం. గమనించాల్సింది ఇది: బాధ చెప్పడం వల్ల మేలు జరిగిందని ఆ పరిశోధన అనలేదు. ఎలా బయటపడ్డారో చెప్పినచోట మేలు కనిపించింది. గ్యాడ్స్‌బీ చెప్పిన మూడో భాగం మళ్లీ ఇక్కడికే వచ్చింది.

మూడో భాగం లేని వీడియోలు కొల్లలు. కెనడా పరిశోధకులు 2022లో టిక్‌టాక్‌లో ఏడీహెచ్‌డీ గురించి బాగా చూసిన 100 వీడియోలు పరిశీలిస్తే వాటిలో 52 తప్పుదారి పట్టించేవే. తాళం చెవులు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం కూడా జబ్బు లక్షణమే అన్నట్టు చెబితే ఎవరు తమను చూసుకోరు? దీనికి తోడు స్పాన్సర్లు. అమెరికాలో యూట్యూబర్లు, హాస్య పాడ్‌కాస్టుల ద్వారా విపరీతంగా ప్రచారం చేసుకున్న ఆన్‌లైన్ థెరపీ కంపెనీ బెటర్‌హెల్ప్, వినియోగదారుల సున్నితమైన సమాచారాన్ని ఫేస్‌బుక్ వంటి సంస్థలకు ప్రకటనల కోసం ఇచ్చిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో తేల్చి, 78 లక్షల డాలర్లు కట్టించింది. 'నేను థెరపీకి వెళ్లాను, మీరూ వెళ్లండి, లింకు కింద ఉంది' అన్న మాటలో స్నేహం ఎంత, కమీషన్ ఎంత అన్నది ప్రేక్షకుడు తేల్చుకోలేడు. మన దగ్గర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 ఆగస్టులో ఆరోగ్యం గురించి మాట్లాడే ఇన్‌ఫ్లుయెన్సర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. అర్హత ఉంటే ఉందని చెప్పాలి, లేకపోతే తమ మాట డాక్టరు సలహాకు ప్రత్యామ్నాయం కాదని చెప్పాలి. తన సొంత అనుభవం చెప్పుకునే కమెడియన్ ఎక్కడ ఆరోగ్య సలహాదారు అవుతాడో గీత గీయడం మాత్రం ఆ మార్గదర్శకాల వల్ల తేలే పని కాదు.

చెబితే ఎవరికి ఎంత ఖర్చు

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో 'నాచా' అనే రాత్రంతా సాగే జానపద నాటకం ఉంది. అందులో జోకర్లు నవ్విస్తూనే ఊరి పెద్దలకు అంటించాల్సినవన్నీ అంటిస్తారు, మన తోలుబొమ్మలాటలో కేతిగాడిలా. హబీబ్ తన్వీర్ ఆ నాచా కళాకారులతోనే 1975లో 'చరణ్‌దాస్ చోర్' నాటకం తయారుచేశాడు. అబద్ధం చెప్పనని గురువుకు మాటిచ్చిన ఒక దొంగ, ఆ మాట తప్పనందుకే చివర్లో చనిపోతాడు. చివరిదాకా నవ్వుతూ చూసే నాటకం అది. నిజం చెప్పేవాడికే దాని ఖర్చు పడుతుందని ఆ నేల నాటకానికి ఎప్పుడో తెలుసు. ఇప్పుడు అదే రాష్ట్రంలో, రాయ్‌పుర్ దగ్గర తులసి అనే ఊళ్లో వందలాది మంది యూట్యూబ్ వీడియోలు తీసే పనిలో ఉన్నారు. చాలావరకు అవి కామెడీలే, నటులు ఆ ఊరివాళ్లే. నలుగురూ కలిసి నటించే ఊళ్లో ఒకరు కెమెరా ముందు సొంత బాధ చెప్పుకుంటే అది ఛానల్‌లో ఒక వీడియోగా ఆగదు, రేపు ఉదయం కుళాయి దగ్గర మాటవుతుంది.

రైల్వే కాలనీ కూడా అలాంటి ఊరే. క్రియేటర్ తన డిప్రెషన్ గురించి చెబితే చందాదారులు పెరుగుతారు. లోకో పైలట్ చెబితే ఏమవుతుంది? రైల్వేలో ఉద్యోగులను వైద్య ప్రమాణాల ప్రకారం ఏ-1, ఏ-2, ఏ-3, బీ-1 అంటూ వర్గాలుగా విభజిస్తారు. లోకో పైలట్లది అన్నిటికంటే కఠినమైన ఏ-1. దానికి తగరని తేలితే 'డీకేటగరైజ్' చేసి వేరే పనిలో వేస్తారు. ఉద్యోగం పోదు. అంగవైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతోంది, ఆ చట్టంలోని వైకల్యాల జాబితాలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. కానీ బండి దిగితే కిలోమీటర్ల లెక్కన వచ్చే అలవెన్సు ఆగుతుంది, కాలనీలో ఎందుకు దిగాడన్న ప్రశ్న మొదలవుతుంది. దానికి జవాబు 'సైకో' అన్న ఒక్క మాటలో దొరికిపోతుంది. చెల్లెలి సంబంధం దగ్గర, కొడుకు సంబంధం దగ్గర ఆ మాట మళ్లీ లేస్తుంది. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెతను ఏ తల్లీ ఊరికే గుర్తు చేయదు.

అసలు ముడి ఇంకోటి. రైల్వేలో వైద్యం చేసే వ్యవస్థ, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చే వ్యవస్థ ఒకటే. నిద్ర పట్టడం లేదని చెప్పుకోవాల్సిన గుమ్మం, ఫిట్‌నెస్ తేల్చే గుమ్మం పక్కపక్కనే. రాత్రంతా సిగ్నళ్లు చూసుకుంటూ వేల టన్నుల బొగ్గు లాగే మనిషి చురుగ్గా ఉండాలనడం తప్పు కాదు, కొన్ని మందులు మత్తుగా చేస్తాయి కూడా. ప్రయాణికుల ప్రాణాలతో పని. అయితే భయపడి దాచుకున్న జబ్బు బయటపెట్టిన జబ్బుకంటే ప్రమాదకరం. విమానయానం ఈ పాఠం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 2015లో జర్మన్‌వింగ్స్ విమానాన్ని కూల్చిన కో-పైలట్ తన అనారోగ్యాన్ని కంపెనీ దగ్గర దాచాడు. ఆ తర్వాత యూరప్ పైలట్లకు 'పీర్ సపోర్ట్' ఏర్పాటును 2021 నుంచి విమానయాన సంస్థలకు తప్పనిసరి చేసింది. పైలట్ తన ఇబ్బందిని ముందుగా శిక్షణ పొందిన తోటి పైలట్‌తో చెప్పుకుంటాడు, చెప్పినంత మాత్రాన లైసెన్సు పోదన్న హామీ మీద ఆ ఏర్పాటు నడుస్తుంది. వరుస రాత్రి డ్యూటీలు తగ్గించండి, వారానికో పూర్తి విశ్రాంతి ఇవ్వండి అని మన లోకో పైలట్ల సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నాయి. ఆ డిమాండ్‌ను మానసిక ఆరోగ్యం కింద ఎవరూ లెక్కెయ్యరు, జీతభత్యాల గొడవ అంటారు. పాడ్‌కాస్టుల్లో వినిపించే సలహాల్లో ధ్యానం ఉంటుంది, డైరీ రాయడం ఉంటుంది, పొద్దున్నే నడక ఉంటుంది. డ్యూటీ రోస్టర్ ఉండదు.

గుమ్మాలు ఎన్ని

చెప్పమన్న తర్వాత వినేవాళ్లుండాలి. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఎంచుకున్న 12 రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాటిలో లేవు. సర్వే నాటికి దేశంలోని పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్టు తేలింది. వైద్యం అందనివాళ్లు, రుగ్మతను బట్టి, 70 నుంచి 92 శాతం. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల్లో దేశంలో లక్ష జనాభాకు ఆత్మహత్యలు 12.4 అయితే, తెలంగాణలో 26.3, ఛత్తీస్‌గఢ్‌లో 28.2. ఈ రెండు రాష్ట్రాల్లోనూ ఇది రీల్స్‌తో తేలే విషయం కాదన్నది ఆ అంకెల్లోనే ఉంది.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నది బిలాస్‌పుర్ శివారు సేంద్రీలోనే. రాష్ట్ర హైకోర్టు కూడా ఈ ఊళ్లోనే ఉంది. సేంద్రీ ఆసుపత్రిలో వైద్యుల కొరత, వసతుల లోపం మీద ఆ కోర్టే ప్రభుత్వాన్ని పలుమార్లు ప్రశ్నించింది. రాష్ట్రమంతటికీ పెద్ద దిక్కైన ఆసుపత్రి పక్కనే ఉన్నా, ఆ గేటు దాటడం ఈ ఊరివాళ్లకు సులువు కాదు. హిందీలో ఆగ్రా, రాంచీ అంటే ఏ అర్థమో, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు అంటే అదే అర్థం. ఊరి పేర్లే తిట్లయ్యాయి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు ఆ తిట్టును కూడా సామానుతోపాటు తెచ్చుకున్నాయి. ఇక్కడ కమెడియన్లు చేయగలిగిన పని ఒకటుంది, అది డాక్టర్ల వల్ల కాదు. ఎర్రగడ్డ మీద జోకేయడం మానేసి, ఎర్రగడ్డ ఓపీలో టోకెన్ తీసుకుని కూర్చున్న పూట గురించి నవ్విస్తూ చెప్పడం. క్యూలో ఎంతసేపు, ఫీజు ఎంత, డాక్టరు ఏమడిగాడు, మాత్రలు ఎన్ని వారాలకు పనిచేశాయి, లావయ్యాడా, నిద్రమత్తు వచ్చిందా. డిప్రెషన్‌కు ఇచ్చే మందులు పనిచేయడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక పది రోజులకే మానేసేవాళ్లు ఉంటారు.

చట్టం చూస్తే పరిస్థితి కొంత మెరుగు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వైద్యం పొందడాన్ని హక్కుగా గుర్తించింది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 23వ సెక్షన్‌లో చెప్పింది, దానికి కొన్ని మినహాయింపులున్నాయి. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలే తప్ప శిక్షించకూడదని 115వ సెక్షన్‌లో చెప్పింది. ఇవి ఏ పాడ్‌కాస్ట్ క్లిప్పులోనూ వైరల్ అయ్యే విషయాలు కావు. కానీ 'చెబితే ఏమవుతుంది' అని భయపడే ఇంటికి అన్నిటికంటే ముందు కావలసినవి ఇవే.

గుమ్మం దాటకుండా మొదలుపెట్టడానికి 2022 అక్టోబర్ 10 నుంచి టెలీ మానస్ ఉంది. కేంద్ర ప్రభుత్వ సేవ ఇది, నంబరు 14416, లేదా 1800-89-14416. డబ్బు కట్టనక్కర్లేదు, రోజంతా పనిచేస్తుంది. దేశవ్యాప్తంగా 20 భాషల్లో నడుస్తోంది, వాటిలో తెలుగు ఉంది. అవతల శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉంటారు, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు. క్వార్టర్‌లో గోడలు పలచనైతే, కోర్బా వైపు గూడ్స్ వెళ్తున్నప్పుడు చేసుకోవచ్చు, పక్కింటికి ఏమీ వినపడదు.